అంజి వాళ్లమ్మ

జాంబియాలోని చింపాంజీల ఆశ్రమంలో రెండు వారాల పాటు ముద్దలు చేసిన ఓ రిటైర్డ్ టీచరుకు ఎదురైన ప్రశ్న

మా ఇంట్లో ఒక కోతి కథ ఉంది. 1964లో, నాకు తొమ్మిదేళ్లప్పుడు, మా నాయన రైల్వే కోడూరు దగ్గర ఉన్న మా మామిడితోట నుంచి తువ్వాల్లో చుట్టి ఒక కోతిపిల్లను ఇంటికి తెచ్చాడు. దానికి అంజి అని పేరు పెట్టాం. ఉగ్గుగిన్నెతో పాలు పట్టాం. అది నా ఒళ్లో నిద్రపోయేది. నా జడ పట్టుకుని ఊగేది. ఓ రోజు ఇంటికొచ్చిన హెడ్మాస్టరు గారి కళ్లజోడు లాక్కుని దూలం మీదికెక్కి, అచ్చం ఆయన లాగే ముక్కు మీద పెట్టుకుని కిందికి చూసింది. కథ అక్కడికి వచ్చేసరికి వినేవాళ్లు పడీ పడీ నవ్వుతారు. పెళ్లిళ్లలో చెప్పాను. 30 ఏళ్లు బయాలజీ టీచరుగా పనిచేసిన కాలంలో ప్రతి బ్యాచ్‌కీ చెప్పాను. పిల్లలకు చెప్పాను, ఇప్పుడు మనవడికి చెబుతున్నాను. ఈ కథను నేను అసలు చోట మొదలుపెట్టడం లేదని గుర్తు చేయడానికి మాత్రం ఆఫ్రికాలో ఒక పెద్దమనిషి కావలసి వచ్చింది.

మావాడు మైనింగ్ ఇంజనీరు. మంగంపేట ముగ్గురాయి గనుల్లో ఉద్యోగం మొదలుపెట్టి, జాంబియా రాగి గనుల్లో తేలాడు. కోడలు, ఏడేళ్ల మనవడితో చింగోలా అనే గనుల పట్నంలో ఉంటున్నాడు. 2024 జూన్‌లో ముంబై, అడిస్ అబాబా మీదుగా వాళ్ల దగ్గరికి వెళ్లాను. మూడు నెలలు ఉండాలని ప్లాను. నెల తిరిగేసరికి ఇంట్లో చేయడానికి నాకు పనేమీ మిగల్లేదు. చింగోలా నుంచి సోల్వేజీ వెళ్లే దారిలో చింపాంజీల ఆశ్రమం ఉందనీ, అక్కడ వాలంటీర్లను తీసుకుంటారనీ కోడలే చెప్పింది. తిండి, బసకు డబ్బు మనమే కట్టాలి. ఆరోగ్య పరీక్షల కాగితాలు చూపించాలి.

''డబ్బు కట్టి మరీ కూరగాయలు తరగడానికి ఆఫ్రికా దాకా రావాలా అమ్మా?'' అన్నాడు మావాడు. తరిగేది చింపాంజీల కోసమని చెబితే, ''పోనీలే, ఉప్పు తక్కువైందని అవి నీతో పోట్లాడవు'' అన్నాడు.

ఆశ్రమం పేరు చింఫున్షి. తారురోడ్డు దిగి, అడవిలో మట్టిబాట మీద చాలాసేపు వెళ్లాక కఫూయే నది ఒడ్డున వస్తుంది. జూలైలో అక్కడ చలికాలం. పొద్దున్నే నది మీద పొగమంచు ఉంటుంది. పక్షుల కూతలు వినపడతాయి. ఒక్కసారిగా ఎక్కడో ఒక గొంతు లేస్తుంది. దానికి మరో గొంతు తోడవుతుంది. పది, ఇరవై గొంతులు కలిసి అరుపు ఆకాశాన్నంటుతుంది. మొదటిరోజు ఆ చప్పుడుకు మంచం మీద లేచి కూర్చున్నాను. ఏదో ప్రమాదం జరిగిందనుకున్నాను. అది వాటి పలకరింపట.

విచిత్రమేమిటంటే, జాంబియా చింపాంజీల దేశం కాదు. ఆ దేశపు అడవుల్లో అవి సహజంగా ఉండవు. పక్కనే ఉన్న కాంగోలో ఉంటాయి. 1983లో డేవిడ్, షీలా సిడిల్ అనే బ్రిటిష్ దంపతులు ఇక్కడ పశువుల ఫారం నడుపుకుంటుండగా, వన్యప్రాణి విభాగం అధికారి ఒకాయన తీవ్రంగా గాయపడిన చింపాంజీ పిల్లను తెచ్చి వాళ్ల చేతుల్లో పెట్టాడు. కాంగో వేటగాళ్ల నుంచి పట్టుకున్న పిల్ల అది. బతుకుతుందని ఎవరూ అనుకోలేదు. షీలా దాన్ని బతికించింది. ఆ పిల్ల పేరు పాల్. కబురు పాకింది. సరిహద్దులో పట్టుబడ్డ పిల్లలు ఒకటొకటే రావడం మొదలైంది. తర్వాత వేరే దేశాల సర్కస్‌ల నుంచి, జూల నుంచి పెద్దవీ వచ్చాయి. 1992లో తల్లిలేని నీటిగుర్రం పిల్ల కూడా వచ్చింది. పశువుల ఫారం కాస్తా ప్రపంచంలోనే పెద్ద చింపాంజీ ఆశ్రమాల్లో ఒకటైంది. నేను వెళ్లేనాటికి అక్కడ వందకు పైగా చింపాంజీలున్నాయి. కరెంటు కంచెల లోపల, వందల ఎకరాల అడవిలో గుంపులుగా బతుకుతున్నాయి.

నన్ను వేసింది వంటశాలలో. క్యాబేజీ, చిలగడదుంప, అరటి, ఏది దొరికితే అది బకెట్లకెత్తి, కడిగి, తరగాలి. గుంపుకెన్ని ముద్దలో లెక్కపెట్టి న్షిమా చేయాలి. న్షిమా అంటే తెల్ల మొక్కజొన్న పిండితో కెలికే సంగటి. జాంబియాలో మనుషులకూ అదే రోజువారీ తిండి. పెద్ద గిన్నెలో తెడ్డేసి కెలకడం, చేయి తడిచేసుకుని ఉండ చుట్టడం ఎవరూ నేర్పనక్కర్లేకపోయింది. నేను రాయలసీమ మనిషిని. పదేళ్ల వయసు నుంచీ సంగటి కెలుకుతున్నదాన్ని. యూరప్ నుంచి వచ్చిన కుర్ర వాలంటీర్లు వేళ్లు కాల్చుకుంటుంటే నా ముద్దలు వరసగా, ఒకే కొలతలో ట్రేలో కూర్చున్నాయి. వంటశాల పెద్దాయన వచ్చి ఒక ముద్ద ఎత్తి చూసి, ''బామాయో, ఇది మీ దేశంలోనూ ఉందా?'' అన్నాడు. బెంబా భాషలో మాయో అంటే అమ్మ. మనం పేరు వెనక గారు తగిలించినట్టు వాళ్లు గౌరవానికి ముందు బా తగిలిస్తారు. ఆ రోజు నుంచీ నేను అందరికీ బామాయోనే.

రెండో రోజు కంచె దగ్గరికి తీసుకెళ్లారు. వయసు మీరిన ఆడ చింపాంజీ ఒకటి అవతల కూర్చుని ఉంది. కళ్ల కింద ముడతలు, చెంపల మీద పలచబడ్డ వెంట్రుకలు. మా మేనత్త గుర్తొచ్చింది. అది నన్ను చూసి చెయ్యి చాపింది. అరచెయ్యి పైకి, వేళ్లు కాస్త ముడిచి, ఇమ్మన్నట్టు. ఆ చేతిలో గీతలున్నాయి. నా చెయ్యి దానంతటదే లేచింది.

''చెయ్యి వెనక్కి'' అన్నాడు పెద్దాయన. కోపంగా కాదు. బడిపిల్లలకు నేను చెప్పినట్టే.

తర్వాత కారణాలు చెప్పాడు. మన జలుబు, దగ్గు వాటికి ప్రాణాంతకం కావచ్చు. మనకొచ్చే జబ్బుల్లో చాలావరకు వాటికీ వస్తాయి. పైగా పెద్ద చింపాంజీకి మనిషి వేలు కొరకడం మనం బెండకాయ విరిచినంత సులువు. అందుకే తిండి కంచె మీంచి విసరడమే. దూరంగా నిలబడి ఎవరు తిన్నారో, ఎవరు తినలేదో, ఎవరు కుంటుతున్నారో చూసి రాసుకోవడమే. దత్తత తీసుకున్న పిల్లను ముద్దాడినట్టు వాటిని ముద్దాడదామని వచ్చేవాళ్లు మొదటి వారంలోనే నిరాశ పడతారన్నాడు. నేను రెండో రోజుకే పడ్డాను.

నాతో ఉన్న వాలంటీర్లలో ఒకమ్మాయి, మా కోడలి వయసుదే, ఈ నిరాశ సంగతి తన అనుభవంతో చెప్పింది. అంతకు కొన్నేళ్ల ముందు ఆమె దక్షిణాఫ్రికాలో ఒక ఫారంలో సింహం పిల్లలకు సీసాతో పాలు పట్టడానికి డబ్బు కట్టి వెళ్లిందట. తల్లి వదిలేసిన పిల్లలని చెప్పారట. నిజానికి అలాంటి చాలాచోట్ల పుట్టిన కొద్ది రోజులకే పిల్లల్ని తల్లి నుంచి వేరు చేస్తారు. ముద్దుగా ఉన్నంతకాలం ఫొటోలకు, నడకలకు వాడతారు. పెద్దయ్యాక వాటిలో కొన్ని కంచె లోపల వేటకు డబ్బు కట్టిన వాళ్ల తుపాకీ ముందుకెళతాయి. 2015లో వచ్చిన 'బ్లడ్ లయన్స్' డాక్యుమెంటరీ ఈ వ్యాపారాన్ని ప్రపంచానికి చూపించింది. అది చూసిన రాత్రి తన ఫోన్లో ఉన్న ఫొటోలన్నీ ఆ అమ్మాయి తీసేసిందట. ''పాలు పట్టిన పిల్లకు నేను పేరు కూడా పెట్టాను'' అంది. ఆమె చెప్పిన గుర్తు నాకు నచ్చింది. ముట్టుకోనిచ్చే చోటును అనుమానించాలి, ముట్టుకోనివ్వని చోటును నమ్మొచ్చు. ఆఫ్రికాలోని వానరాల ఆశ్రమాలు 2000లో పాన్ ఆఫ్రికన్ శాంక్చురీ అలయన్స్ అనే కూటమిగా ఏర్పడ్డాయి. ఏది నిజమైన ఆశ్రమమో, ఏది వ్యాపారమో తేల్చుకోవాలనుకునే వాళ్లు అక్కడ మొదలుపెట్టొచ్చు.

చింఫున్షిలో పరిశోధకులు కూడా ఉంటారు. వాళ్ల వల్ల తెలిసిన రెండు సంగతులు నేను బడిలో ఉండగా తెలిస్తే పాఠంలో చెప్పేదాన్ని. జూలీ అనే ఆడ చింపాంజీ ఎందుకో చెవిలో గడ్డిపోచ పెట్టుకుని తిరగడం మొదలుపెట్టింది. దానివల్ల ఉపయోగమేమీ లేదు. అయినా 12 మంది ఉన్న ఆ గుంపులో ఎక్కువమంది అదే పని చేశారు. జూలీ చనిపోయాక కూడా ఆ అలవాటు పోలేదు. 2014లో దీని మీద పరిశోధన పత్రం వచ్చింది. తర్వాత 2023లో, జూలీతో ఏ సంబంధమూ లేని మరో గుంపులో ఇదే అలవాటు కనిపించింది. వీటికి ఎవరు నేర్పారు? అక్కడ పనిచేసేవాళ్లు తీరిక వేళల్లో గడ్డిపోచతోనో, అగ్గిపుల్లతోనో చెవులు శుభ్రం చేసుకుంటారట. చూసి నేర్చుకుని ఉంటాయని 2025లో ప్రచురించిన పత్రంలో పరిశోధకులు భావించారు. కోడూరులో అరుగు మీద కూర్చుని చెవిలో అగ్గిపుల్ల తిప్పుకునే మా నాయన ఆ కంచె పక్కన ఉండి ఉంటే ఆయనకూ శిష్యులు దొరికేవాళ్లు.

రెండో సంగతి నవ్వొచ్చేది కాదు. థామస్ అనే తొమ్మిదేళ్ల మగ చింపాంజీ చనిపోయాడు. వాడి తల్లి అంతకుముందే పోతే, నోయెల్ అనే ఆడ చింపాంజీ దగ్గరికి తీసింది. గుంపంతా శవం చుట్టూ చేరింది. నోయెల్ శవం పక్కన కూర్చుని, గట్టి గడ్డిపుల్ల ఒకటి ఏరుకుని, వాడి నోరు తెరిచి పళ్లు శుభ్రం చేసింది. 2017లో పరిశోధకులు దీన్ని ప్రచురించారు. చనిపోయిన వాళ్ల శరీరాన్ని శుభ్రం చేయడానికి పనిముట్టు వాడిన జంతువును అంతకుముందు ఎవరూ చూడలేదట. నోయెల్ మనసులో ఏముందో చెప్పలేమని శాస్త్రవేత్తలు జాగ్రత్తగా రాశారు. మా అమ్మకు చివరి స్నానం చేయించినదాన్ని నేను. నాకు అంత జాగ్రత్త చేతకాలేదు.

ఆ ఏడాది జాంబియాలో దారుణమైన కరువు. వానలు మొహం చాటేయడంతో మొక్కజొన్న ఎండిపోయింది. ఫిబ్రవరి నెలాఖరులో అధ్యక్షుడు హిచిలేమా దాన్ని జాతీయ విపత్తుగా ప్రకటించారు. కరీబా జలాశయం అడుగంటడంతో గంటల తరబడి కరెంటు కోతలు. పిండి ధర పెరిగిందని చింగోలాలో మా ఇంటి పనమ్మాయి రోజూ అనేది. ఆ పిండినే నేనిక్కడ ఉండలు చుట్టి కోతిజాతికి విసురుతున్నాను. కరువు సీమలో పుట్టినదాన్ని కాబట్టి ముద్ద విలువ తెలుసు. ఆగలేక ఒక రోజు పెద్దాయనను అడిగాను, మీ ఊళ్లో జనం పస్తులుంటే వీటికి పెట్టడం మీకు కష్టంగా లేదా అని.

ఆయన తెడ్డు ఆపలేదు. ''ఈ ముద్దలు చేస్తేనే నా ఇంట్లో ముద్ద ఉడుకుతుంది బామాయో'' అన్నాడు. పక్కనే ఉన్న బడి చూపించాడు. పనివాళ్ల పిల్లలు చదివేది అందులోనే. కాసేపాగి, ''ఇవి వాటంతట అవి ఇక్కడికి రాలేదు. మనుషులు తెచ్చారు. తెచ్చినవాళ్లే పెట్టాలి'' అన్నాడు. దానికి నా దగ్గర జవాబు లేదు.

ఆ చనువుతోనే మర్నాడు నేనాయనకు అంజి కథ చెప్పాను. ఉగ్గుగిన్నె, జడ, హెడ్మాస్టరు గారి కళ్లజోడు, ఏదీ వదల్లేదు. నా చిన్నప్పుడే నేనూ మీలాగా ఒక పిల్లను కాపాడానని చెప్పడమే నా ఉద్దేశం. కళ్లజోడు దగ్గర ఆయన నవ్వాడు. బాగా నవ్వాడు. తర్వాత మామూలుగా అడిగాడు.

''వాళ్లమ్మ ఏమైంది?''

''చచ్చిపోయింది'' అన్నాను.

''ఎలా?''

నా చేతిలో ముద్ద ఉంది. దాన్ని అటూ ఇటూ తిప్పుతూ ఉండిపోయాను. అది అప్పటికే గుండ్రంగా ఉంది.

మామిడి పిందె పడే కాలంలో శేషాచలం కొండల నుంచి కోతులు దిగేవి. నాయన తోటకు కాపలాదారుణ్ని పెట్టాడు. వాడి దగ్గర నాటు తుపాకీ ఉండేది. గాల్లోకి పేల్చి బెదరగొట్టడానికని చెప్పేవాళ్లు. ఆ రోజు గాల్లోకి పేల్చలేదు. చెట్టు మీంచి కోతి ఒకటి కిందపడింది. దాని కడుపును కరచుకుని పిల్ల ఉంది. తల్లి చనిపోయినా పిల్ల పట్టు వదల్లేదనీ, వేళ్లు ఒక్కొక్కటే విడదీయాల్సి వచ్చిందనీ నాయన అమ్మతో చెబుతుంటే విన్నాను. ఆ మాట నేనెన్నడూ మరచిపోలేదు. కథలో మాత్రం చెప్పలేదు. తువ్వాలుతో మొదలుపెడితే కథ ముద్దుగా ఉంటుంది. చెట్టుతో మొదలుపెడితే కళ్లజోడు దగ్గర ఎవరూ నవ్వరు.

చివర కూడా నేను చెప్పేదాన్ని కాదు. అంజికి మూడేళ్లు దాటాక కోరలొచ్చాయి. ఓ రోజు మా తమ్ముడి ముంజేతిని కరిచింది. వేపచెట్టుకు గొలుసుతో కట్టేశారు. గొలుసు ఉన్నంత మేర నేల గుండ్రంగా అరిగిపోయింది. నన్ను చూసి కూడా పళ్లు చూపించేది. తిరునాళ్లకు వచ్చిన కోతులాడించేవాడికి నాయన దాన్ని ఇచ్చేశాడు. డబ్బు తీసుకోలేదు, అదే పెద్ద ధర్మంలా చెప్పుకున్నాం. నేను ఆ రోజు ఇంట్లోంచి బయటికి రాలేదు. గొలుసు చప్పుడు సందు చివర దాకా వినపడింది.

ఇదంతా పెద్దాయనకు ఇంగ్లిషులో, నాకొచ్చినంతలో చెప్పాను. ఆయన నన్ను ఓదార్చలేదు, తప్పుపట్టనూ లేదు. ''ఇక్కడి పిల్లల కథా అదే. తల్లిని చంపకుండా పిల్లను తీసుకోవడం కుదరదు. తల్లి వదలదు'' అన్నాడు. మాంసం కోసం పెద్దవాటిని చంపుతారు, మిగిలిన పిల్లను పెంచుకునేవాళ్లకు అమ్ముతారు. నాలుగైదేళ్లు అది బట్టలు వేసుకుని, సీసాలో పాలు తాగి, ఇంటికొచ్చిన వాళ్లను నవ్విస్తుంది. తర్వాత బలం వస్తుంది. గొలుసు వస్తుంది. చింపాంజీ యాభై ఏళ్లకు పైగా బతకగలదు. ముద్దొచ్చే వయసు పోయాక మిగిలిన జీవితమంతా ఎక్కడో గడపాలి. జాంబియాలో వాటి అడవి లేదు కాబట్టి అది ఈ కంచె లోపలే గడుస్తుంది. ఇక్కడ ఆడ చింపాంజీలకు గర్భనిరోధకాలు వాడతారని అప్పుడే తెలిసింది. కొత్త పిల్లలు పుడితే, కాపాడాల్సిన మరో పిల్లకు చోటుండదు.

అక్కడున్న మిగతా రోజుల్లో నా పని మారలేదు. తరగడం, కెలకడం, ఉండలు చుట్టడం, విసరడం, రాసుకోవడం. మారిందేమిటంటే, కంచె దగ్గర చెయ్యి లేవడం మానేసింది. ఆ ముసలి చింపాంజీ రోజూ వచ్చేది. నేను విసిరిన ముద్దను ఒంటిచేత్తో పట్టుకుని, నాకు వీపు తిప్పి కూర్చుని తినేది. నన్ను గుర్తుపట్టిందో లేదో తెలియదు. పట్టాల్సిన అవసరం దానికి లేదు. ఆకలి వేళకు ముద్ద వస్తుంది, దాని గుంపు దానికుంది. అంజికి నా ఒడి ఉంది గానీ ఈ రెండూ లేవు. కోతుల గుంపు రోజూ తోట గట్టు దాకా వచ్చి వెళ్లేది. అంజిని అక్కడ వదిలి చూద్దామని మాలో ఒక్కరికీ తోచలేదు. వదిలితే అవి చేర్చుకునేవో, చంపేసేవో. కనీసం ఆ ప్రశ్న కూడా మేం వేసుకోలేదు. అంజి మాది అనుకున్నాం.

నేను చేసిన సేవ గొప్పదేమీ కాదు. రెండు వారాల్లో ఎన్ని ముద్దలు చుట్టానో అంతే. నేను వచ్చేసిన మర్నాడు ఇంకొకరు చుట్టి ఉంటారు. కట్టిన డబ్బు వాటి తిండికి కొన్నాళ్లు సాయపడి ఉంటుంది. వెళ్లాలనుకునేవారికి నేను చెప్పగలిగింది ఒక్కటే. జంతువుతో ఫొటో దిగడానికైతే వెళ్లకండి. దాన్ని ఎత్తుకున్న ఫొటో చూసి, అలాంటిదొకటి ఇంట్లో ఉంటే బాగుండునని ఇంకెవరికో అనిపిస్తుంది. ఆ కోరిక తీర్చడానికి ఎక్కడో ఒక తల్లి చెట్టు మీంచి పడుతుంది.

బయల్దేరే రోజు పెద్దాయన ట్రేలో మిగిలిన ముద్ద ఒకటి ఆకులో చుట్టి నా చేతికిచ్చాడు. దారిలో తినమన్నాడు. ''నటోటేలా'' అన్నాను. వాళ్ల భాషలో ధన్యవాదాలు. కారులో ఆ ముద్దను కొంచెం కొంచెంగా విరుచుకుని తిన్నాను. మావాడు అన్నది నిజమే. ఉప్పు లేదు.

ఆ రాత్రి చింగోలాలో కరెంటు పోయింది. కొవ్వొత్తి వెలుగులో మనవడు నా పక్కకు చేరి, ''జేజీ, అంజి కథ చెప్పు'' అన్నాడు. ఎప్పటిలా తువ్వాలు దగ్గర మొదలుపెట్టబోయి ఆగాను.

''కోడూరులో మా తోటలో ఒక తల్లికోతి ఉండేది'' అన్నాను.

''మరి కళ్లజోడు?'' అన్నాడు వాడు.

''వస్తుంది, ఆగు. ముందు వాళ్లమ్మ సంగతి విను.''